థిక్‌నెస్ ప్లేనర్ కొనాలా, సామిల్లులో పట్టించాలా, చిత్రికతోనే నెట్టుకురావాలా?

ఈ ప్రశ్న నన్ను అడిగేవాళ్లలో సగం మందికి కావాల్సింది అసలు థిక్‌నెస్ ప్లేనర్ (చెక్క పలకను లోపలికి లాక్కుని పైపొర చెక్కే మిషన్) కాదు. టేకు పలక కొనుక్కొచ్చారు, అది మెలి తిరిగి ఉంది, నేల మీద పెడితే ఒక మూల లేస్తోంది. "ప్లేనర్ కొంటే చదునైపోతుంది కదా అన్నా" అంటారు. అవ్వదు. మిషన్ లోపల రెండు రోలర్లు పలకను గట్టిగా కిందికి నొక్కి లాక్కుంటాయి, నొక్కినంతసేపూ పలక బుద్ధిగా చదునుగా ఉంటుంది, పైన బ్లేడ్లు ఒక పొర తీసేస్తాయి, అవతల బయటికి రాగానే పలక మళ్లీ తన వంకరకు తాను వెళ్లిపోతుంది. మీ చేతికొచ్చేది నున్నటి వంకర పలక. మందం మాత్రం ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకటే ఉంటుంది, ఎందుకంటే ఆ మిషన్ చేసే పని అదొక్కటే.

ఈ సంగతి నాకు మిషన్ కొన్నాక తెలిసింది. మాది బెంగళూరు హొరమావులో అద్దె ఇల్లు, కింద కారు షెడ్డు ఉంది, కారు లేదు, కాబట్టి షెడ్డు నాది. వారంలో ఐదు రోజులు ల్యాప్‌టాప్, శని ఆదివారాలు చెక్క. మొదటి రెండేళ్లు చేతి చిత్రికతోనే లాక్కొచ్చాను, తర్వాత రెండేళ్లు సామిల్లు చుట్టూ తిరిగాను, ఆ తర్వాతే పోర్టబుల్ ప్లేనర్ కొన్నాను. ఇప్పటికీ మూడూ వాడుతున్నాను. అందుకే "ఏది బెస్ట్" అంటే ఒక్క ముక్కలో చెప్పలేను కానీ, మీ ఇల్లు ఎలాంటిది, మీ చెక్క ఎలాంటిది, నెలకు ఎంత పని అనేవి చెబితే చెప్పగలను.

ముందు ఈ లెక్కలు తేల్చుకోండి

మొదటిది, ఇల్లు. బ్రోచర్లలో ఏం రాసినా పోర్టబుల్ ప్లేనర్ దగ్గర నిలబడితే శబ్దం 95 డెసిబెల్స్ అటూ ఇటూ ఉంటుంది, చెవులకు మఫ్‌లు లేకుండా వాడకూడదు. మన దేశంలో 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ పరిమితి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో పెట్టి నడిపితే పక్కవాళ్లు నియమాల దాకా వెళ్లరు, నేరుగా అసోసియేషన్ వాట్సాప్ గ్రూపుకే వెళ్తారు. మొదటిసారి ఆన్ చేసినప్పుడు మా ఓనర్ ఆంటీ పైనుంచి తొంగిచూసి "ఏనప్పా ఇదు, ఫ్లైటా?" అన్నారు. ఆవిడకు ఒక చపాతీ పలక, ఒక చెప్పుల స్టాండు చేసిచ్చాక, ఆదివారం పదకొండు నుంచి ఒంటిగంట దాకా అని ఒప్పందానికొచ్చాం.

రెండోది పొట్టు. దీన్ని ఎవరూ లెక్కేయరు. ఏడడుగుల పొడవు, ఎనిమిది అంగుళాల వెడల్పు ఉన్న ఎనిమిది పలకల్ని అంగుళంన్నర నుంచి అంగుళానికి దించారనుకోండి, అంటే ఒక్కో దాని మీద 13 మి.మీ. తీశారు. అది గట్టి చెక్కగా చూస్తే నలభై లీటర్లకు కొంచెం పైన. కానీ పొట్టు అయ్యాక అది ఐదారు రెట్లు ఉబ్బుతుంది. బియ్యం బస్తాల్లో కుక్కితే నాలుగు బస్తాలు. బెంగళూరులో ఒక్క ఆదివారం నాలుగు బస్తాల పొట్టు వస్తే ఎక్కడ పోస్తారు? చెత్త బండివాళ్లు తీసుకోరు. నాకు దగ్గర్లో ఒక నర్సరీ ఉంది కాబట్టి బతికిపోయాను.

ఇదే లెక్కలో ఇంకో సంగతి దాగి ఉంది. అంగుళంన్నర టేకును అంగుళానికి దించడమంటే మీరు సీఎఫ్‌టీ (ఘనపుటడుగు) లెక్కన డబ్బులిచ్చి కొన్న చెక్కలో మూడో వంతును పొట్టు చేసి పారేయడం. సామిల్లులో కోయించేటప్పుడే అంగుళంపావుకు కోయమంటే ఆ నష్టం దాదాపు సగమవుతుంది. ఏ దారి ఎంచుకున్నా ఈ ఒక్క మాట మిల్లువాడికి చెప్పడం మర్చిపోవద్దు.

మూడోది చెక్క. కొత్త టేకా, కొడగు, చిక్కమగళూరు తోటల నుంచి వచ్చే సిల్వర్ ఓకా, ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్కా, పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే గుమ్మాలు, దూలాలా? టేకులో సిలికా ఉంటుంది, బ్లేడ్ పదును తినేస్తుంది. వేపలో నార ఒక పొర ఇటు, ఒక పొర అటు అల్లుకుని ఉంటుంది, ఎటువైపు నుంచి పట్టినా ఎక్కడో ఒకచోట పెచ్చులు లేస్తాయి. పాత గుమ్మాల్లో మేకులుంటాయి, కనపడేవి కాదు, తల విరిగి లోపలే ఉండిపోయినవి.

నాలుగోది నెలకు ఎన్ని పలకలు. ఏడాదికి ఒక బుక్‌షెల్ఫ్ చేసేవాడికీ నెలకో టేబుల్ చేసేవాడికీ సమాధానం ఒకటి కాదు.

డబ్బు ఐదోది. దాన్ని కావాలనే చివర పెట్టాను, మిగతా నాలుగూ తేలితే దాని సంగతి అదే తేలుతుంది.

చేతి చిత్రిక

చాలామంది దీన్ని పాతకాలపు వ్యవహారం అనుకుని దాటేస్తారు. మెలి తిరిగిన పలకను నిజంగా చదును చేయాలంటే ఇంట్లో తక్కువ ఖర్చులో దొరికే దారి ఇదే. మూలల మీద ఎత్తుగా ఉన్న చోట్లే తీస్తూ పోవడం మనిషికి తెలుసు, రోలర్లకు తెలియదు. నంబర్ ఐదు చిత్రిక ఒకటి, స్టాన్లీదో అనంత్‌దో, పద్నాలుగు అంగుళాలుంటుంది, దానికి సానరాయి, అంతే. కొన్న రోజే నున్నగా పట్టేస్తుందని ఆశ పెట్టుకోకండి. నాది అడుగుభాగం రుద్ది చదును చేసి, బ్లేడ్ వెనకవైపు అద్దంలా తీసి, పనిలోకి దించేసరికి రెండు ఆదివారాలు పోయాయి.

మెలిక చూడటానికి సమానంగా ఉన్న రెండు బద్దలు చాలు. ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి అడ్డంగా పెట్టి, కన్ను కిందికి దించి చూస్తే రెండింటి అంచులు ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయో లేదో తెలిసిపోతుంది. మా ఊళ్లో ముసలి వడ్రంగి ఒకాయన బద్దలు కూడా లేకుండా పలకను గన్‌లా ఎత్తి పట్టుకుని చూసి చెప్పేవాడు, నాకు ఆ కన్ను ఇంకా రాలేదు.

దీంతో ఇబ్బంది మందం దగ్గర వస్తుంది. ఒక ముఖం చదును చేయడం ఆనందం, రెండో ముఖాన్ని దానికి సమాంతరంగా 25 మి.మీ.కు దించడం చాకిరీ. ఒక్క పలక అయితే సరే. ఎనిమిది పలకలూ అతికించి టేబుల్ పైభాగం చేయాలంటే ఆరో పలక దగ్గర భుజం లేవదు, ఏడో పలక దగ్గర "ఒక నూలు అటూ ఇటూ అయితే ఏమవుతుందిలే" అనిపిస్తుంది. నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, ఇక్కడి తమిళ మేస్త్రీల నోట ఎప్పుడూ వినపడే కొలత. అతికించాక ఆ నూలే మెట్టులా చేతికి తగులుతుంది.

సామిల్లులో పట్టించడం

మైసూరు రోడ్డులో టింబర్ యార్డ్ లేఅవుట్ వైపు వెళ్తే వరసగా డిపోలు, మిల్లులు. అక్కడుండే థిక్‌నెసర్లు (పెద్ద థిక్‌నెస్ ప్లేనర్లు) పోత ఇనుపవి, త్రీఫేజ్ మోటార్లతో నడిచేవి. మీరు ఆదివారమంతా చేసే పని వాళ్లకు టీ తాగేంత సమయం. పట్టించడానికి అయ్యే ఖర్చు కూడా తక్కువే, నా అనుభవంలో దానికంటే చెక్కను తీసుకెళ్లి తీసుకొచ్చే టాటా ఏస్ కిరాయే ఎక్కువ పడింది. అందుకే తెలివైన పద్ధతి చెక్క కొన్న చోటే కోయించి అక్కడే పట్టించి ఒకే ట్రిప్పులో తెచ్చుకోవడం.

కానీ మూడు చిక్కులున్నాయి. ఒకటి, మిల్లువాళ్లు మెలిక తీయరు. సర్ఫేస్ ప్లేనర్ ఉన్న మిల్లు చూసుకుని, ముందు ఒక ముఖం దాని మీద చదును చేసి ఆ తర్వాతే థిక్‌నెసర్‌లో పెట్టమని నోరు తెరిచి అడగాలి. అడగకపోతే నేరుగా థిక్‌నెసర్‌లోకి తోసేస్తారు, పైన చెప్పిన కథే మళ్లీ. రెండు, వాళ్ల బ్లేడ్లు. రోజంతా గుమ్మాలు, తలుపు చెక్కలు పట్టే మిషన్ అది, బ్లేడ్‌లో ఎక్కడో చిన్న గాటు ఉంటుంది, ఆ గాటు ఉన్న చోట మీ పలక పొడవునా దారంలాంటి గీత ఒకటి లేచి ఉంటుంది. చిత్రికతో నాలుగు తోపులు తోస్తే పోతుంది, పెద్ద విషయం కాదు, కాకపోతే "పట్టించుకొచ్చాను, ఇక పాలిషే" అనుకుని రావద్దు.

మూడోది నన్ను బాగా బాధపెట్టింది. ఒక మిల్లులో నాలుగు పలకల్ని 25 మి.మీ.కు పట్టించాను, శనివారం మధ్యాహ్నం రద్దీలో. ఇంటికొచ్చి వెర్నియర్ పెట్టి చూస్తే మూడు 25, ఒకటి 23. ఫోన్ చేస్తే "కొంచెమే కదా సార్" అన్నారు. ఆ కొంచెం కోసం మిగతా మూడింటినీ 23కి దించాల్సి వచ్చింది, దించడానికి మళ్లీ అదే రోడ్డు, మళ్లీ అదే ట్రాఫిక్. మిషన్ కొనాలన్న నిర్ణయం నేను ట్రాఫిక్ జామ్‌లకు పేరుమోసిన సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గర తీసుకోలేదు కానీ, అలాంటిదే ఒక సిగ్నల్ దగ్గర తీసుకున్నాను.

పోర్టబుల్ థిక్‌నెస్ ప్లేనర్

పన్నెండు, పదమూడు అంగుళాల వెడల్పు పలక పట్టే బల్ల మీది మిషన్. ఇక్కడి షాపుల్లో తరచుగా కనపడేది మకీటా 2012ఎన్‌బీ: 304 మి.మీ. వెడల్పు, 1650 వాట్లు, రెండు బ్లేడ్లు, 28 కిలోల బరువు. ఒక్కడినే ఎత్తి బల్ల మీద పెట్టగలను, మరుసటి రోజు నడుము గుర్తు చేస్తుంది. ఎస్‌జేపీ రోడ్డులో చూసి కొనుక్కోవచ్చు.

దీని అసలు లాభం వేగం కంటే మీ చేతిలో ఉండటం. నిమిషానికి ఎనిమిదిన్నర మీటర్ల చొప్పున లాగుతుంది, ఏడడుగుల పలక పావు నిమిషంలో బయటికొస్తుంది. కానీ ప్రతి సారీ ఒక మిల్లీమీటరే తీయాలి. వెడల్పు 150 మి.మీ. లోపు ఉన్న చెక్క మీద 3 మి.మీ. దాకా తీయొచ్చని కంపెనీ చెబుతుంది, వెడల్పాటి పలకలైతే దాంట్లో సగమే. టేకు మీద అంత కూడా వద్దు, మిషన్ మూలుగు మీకే వినపడుతుంది. చివరి తోపు అర మిల్లీమీటరు కంటే తక్కువ ఉంటే నునుపు బాగా వస్తుంది. 13 మి.మీ. దించాలంటే ఎనిమిది పలకలకు వంద తోపులు, మిషన్ తిరిగే సమయం అరగంట లోపే, మోసుకుంటూ ఇటు నుంచి అటు తిరిగేది గంట.

ముఖ్యమైన సౌకర్యం ఇంకోటి: ఈ రోజు 27 మి.మీ. దాకా దించి, పలకల మధ్య సన్నని బద్దలు పెట్టి పేర్చి, వారం వదిలేసి, లోపలి చెమ్మ సర్దుకున్నాక కదిలినంత కదలనిచ్చి, మళ్లీ చదును చేసి 25కి తేవడం. మిల్లు దారిలో ఇది జరగని పని, రెండు ట్రిప్పులు ఎవడు తిరుగుతాడు. నా టేబుళ్లు వంకర పోకుండా నిలబడటం మొదలైంది ఈ అలవాటు వచ్చాకే. అలాగే ఒకే ముఖం మీద అంతా తీసేయొద్దు, రెండు వైపులా సమానంగా తీయాలి, లేకపోతే పొద్దున్నకి పలక గిన్నెలా పైకి లేస్తుంది.

ఇక తలనొప్పులు. పలక మొదట్లో, చివర్లో రెండు మూడు అంగుళాల మేర ఎక్కువ లోతు తినేస్తుంది, దీన్ని స్నైప్ అంటారు. బ్లేడ్లు రెండు రోలర్ల మధ్యలో ఉంటాయి, చివర వచ్చేసరికి పలకను ఒక్క రోలరే పట్టుకుంటుంది, అవతలి బరువుకి తోక పైకి లేచి బ్లేడ్‌కి తగులుతుంది. పూర్తిగా పోదు. లోపలికి పోయేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు పలక అవతలి కొసను కొద్దిగా పైకెత్తి పట్టుకోవాలి, ఒక పలక తోకకు ఇంకో పలక తల ఆనించి వరసగా పంపాలి, అన్నింటికీ మించి పలకను నాలుగు అంగుళాలు ఎక్కువ పొడవు ఉంచుకుని తర్వాత కోసేయాలి. అడుగు కంటే పొట్టి ముక్కలు పెట్టొద్దు, రోలర్ల మధ్య తిరగబడితే మిషన్ వాటిని విసిరేస్తుంది. ప్లైవుడ్ అసలొద్దు, అందులోని జిగురు బ్లేడ్‌ని మొద్దు చేస్తుంది.

మెలిక సంగతి ఏమిటంటే, మిషన్ ఉన్నా చిత్రిక ఉండాల్సిందే, లేదా స్లెడ్ చేసుకోవాలి. ఎండీఎఫ్ (చెక్క నారను నొక్కి చేసే) పలక ఒకటి తీసుకుని, దాని మీద మీ వంకర పలక పెట్టి, ఎక్కడ గాలి ఉందో అక్కడ చీలికలు దూర్చి హాట్ గ్లూతో అంటించి, రెండింటినీ కలిపి లోపలికి పంపాలి. పైభాగం చదునయ్యాక ఊడదీసి తిప్పి పెడితే కిందిది దానికి సమాంతరంగా వస్తుంది. నేను ఎక్కువగా చేసేది ఇంకా సులువు: ఒక ముఖాన్ని చిత్రికతో కదలకుండా కూర్చునేంత వరకే తీస్తాను, నునుపు గురించి పట్టించుకోను, ఆ ముఖాన్ని కిందికి పెట్టి మిషన్‌కి ఇస్తాను. పది నిమిషాల చాకిరీ నాది, మిగతాది దానిది.

మిషన్‌కి పెట్టిన దాంట్లో దాదాపు సగం మళ్లీ దాని చుట్టుపక్కల వాటికే పోయింది. డస్ట్ కలెక్టర్, నాలుగు అంగుళాల గొట్టం, అదనపు బ్లేడ్లు, షెడ్డులోకి పదహారు ఆంప్స్ లైను. ఇంట్లో వాడే వాక్యూమ్ పెడదామనుకుంటే రెండు పలకలకే గొట్టం బిగుసుకుపోతుంది. పొట్టు సరిగ్గా పోకపోతే అది రోలర్ కింద పడి నలిగి చెక్క మీద చిన్న చిన్న గుంటలు పెడుతుంది, ఆ గుంటలు చూసి బ్లేడ్ పోయిందనుకుని కొత్తవి వేసిన తెలివి నాది.

మిగతా రెండు దారులు

చేతిలో పట్టుకునే ఎలక్ట్రిక్ ప్లేనర్, 82 మి.మీ. బ్లేడ్‌ది, మన మేస్త్రీలందరి దగ్గరా ఉంటుంది. తలుపు కింద రాసుకుంటుంటే తీయడానికి, పలక మీద పెద్ద గుట్టలు కొట్టేయడానికి భేషైన వస్తువు. మందం సమానంగా తేవడానికి మాత్రం కాదు. దాంతో టేబుల్ పైభాగం చదును చేస్తే దున్నిన మడిలా ఉంటుంది.

రూటర్ స్లెడ్ అంటే పలకకు రెండు వైపులా పట్టాలు పెట్టి, వాటి మీద రూటర్‌ని (గిర్రున తిరిగే బిట్‌తో చెక్కను తొలిచే మిషన్‌ని) అటూ ఇటూ జరుపుతూ పొర పొరగా తీయడం. దీనికి వెడల్పు పరిమితి లేదు, మెలిక కూడా పోతుంది, అల్లుకున్న నార ఉన్న వేప లాంటి చెక్క మీద ప్లేనర్ కంటే తక్కువ పెచ్చులు లేపుతుంది. రెండడుగుల వెడల్పు పనస మొద్దు పలకతో సెంటర్ టేబుల్ చేయాలంటే ఇదే దారి. కానీ నత్తనడక, పైగా ప్లేనర్‌లా పొట్టు రాదు, సన్నటి దుమ్ము వస్తుంది. చెక్క దుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే క్యాన్సర్ తెచ్చే వాటి మొదటి వర్గంలో పెట్టింది, కాబట్టి ఎన్95 మాస్క్ లేకుండా ఆ పని మొదలుపెట్టొద్దు.

| | చేతి చిత్రిక | సామిల్లు | పోర్టబుల్ ప్లేనర్ | రూటర్ స్లెడ్ |
|---|---|---|---|---|
| మెలిక తీస్తుందా | తీస్తుంది | సర్ఫేస్ ప్లేనర్ ఉంటేనే | స్లెడ్ మీద పెడితేనే | తీస్తుంది |
| పలకలన్నీ ఒకే మందం | చాలా ఓపిక కావాలి | దగ్గరుండి కొలిపిస్తే | దీని పనే అది | బాగానే వస్తుంది |
| వెడల్పు | హద్దు లేదు | మిషన్‌ని బట్టి, సాధారణంగా సరిపోతుంది | 12–13 అంగుళాలు | హద్దు లేదు |
| శబ్దం | లేదు | మీ ఇంట్లో లేదు | వీధంతా | చాలాసేపు |
| పొట్టు, దుమ్ము | చీపురు చాలు | మీకు సంబంధం లేదు | బస్తాలు | సన్నటి దుమ్ము |
| మేకులున్న పాత చెక్క | బ్లేడ్ సాన పట్టుకోవచ్చు | చూస్తే ఒప్పుకోరు | బ్లేడ్లు పోతాయి | బిట్ పోతుంది |
| మొదటి ఖర్చు | తక్కువ | లేదు | బాగా ఎక్కువ | మధ్యస్థం, రూటర్ ఉంటే తక్కువ |

మీరు ఎవరైతే ఏది

అపార్ట్‌మెంట్‌లో బాల్కనీ మాత్రమే ఉన్నవాళ్లకు నా సలహాలో మొహమాటం లేదు: మిషన్ జోలికి పోవద్దు. చెక్క కొన్న చోటే మందం పట్టించుకుని, మీకు కావాల్సిన దానికంటే ఒకటిన్నర మిల్లీమీటరు ఎక్కువ ఉంచమని చెప్పి, మిగతాది ఇంట్లో చిత్రికతో తీసుకోండి. శబ్దం లేదు, పొట్టు ఒక సంచిలో పడుతుంది, పిల్లలు పడుకున్నాక రాత్రి పదకొండుకి కూడా పని చేసుకోవచ్చు. "చిత్రిక నాకు రాదు" అంటే, రెండు నెలల్లో వస్తుంది, మిషన్ కొన్నా నేర్చుకోక తప్పని విద్యే అది.

విడి ఇల్లు, కింద షెడ్డో మేడ మీద రేకుల గదో ఉండి, ఏడాదికి మూడు నాలుగు పెద్ద వస్తువులు చేసేవాళ్లు అసలైన ఊగిసలాట బ్యాచ్. వీళ్లు పోయిన ఏడాది సామిల్లుకి ఎన్నిసార్లు వెళ్లారో లెక్కపెట్టుకుంటే చాలు. నాలుగైదు సార్లయితే ఇంకో ఏడాది అలాగే గడపండి. పది దాటితే, లేదా "మిల్లుకి వెళ్లాలి కదా" అని పని వాయిదా పడుతూ ఉంటే, కొనేయండి. నా విషయంలో రెండోదే జరిగింది, పలకలు ఎనిమిది నెలలు గోడకు ఆనుకుని ఉన్నాయి.

చేసి అమ్మేవాళ్లు, నెలనెలా ఆర్డర్లు ఉన్నవాళ్లు పోర్టబుల్‌ది కొనేముందు ఒక్కసారి ఆగండి. వీటిలో ఉండేది యూనివర్సల్ మోటార్, మిక్సీలో ఉండే జాతి, అరుపు ఎక్కువ, కార్బన్ బ్రష్‌లు అరుగుతాయి, గంటల తరబడి విశ్రాంతి లేకుండా నడపడానికి పుట్టినది కాదు. మీకు స్థలం ఉంటే, హోసూరు వైపో ఆనేకల్ వైపో షెడ్డు తీసుకునే ఆలోచన ఉంటే, ఇండక్షన్ మోటార్‌తో వచ్చే పోత ఇనుప సర్ఫేస్-కమ్-థిక్‌నెస్ ప్లేనర్ చూడండి, చదునూ మందమూ రెండూ ఒకే మిషన్‌లో అయిపోతాయి. ఒకసారి దించాక కదపలేరు, అదొక్కటే.

పాత గుమ్మాల టేకు పిచ్చి ఉన్నవాళ్లు, నాకూ ఉంది, ఎనభై ఏళ్ల చేవ చెక్క కొత్తదానిలో ఎక్కడ దొరుకుతుంది, ముందు ఒక చిన్న మెటల్ డిటెక్టర్ కొనండి. నేను కంటితో చూసి, చేత్తో తడిమి, ఏం లేదని నమ్మి పెట్టాను. టప్ మని శబ్దం, ఒక్క మెరుపు. కొత్త బ్లేడ్ల జత, వేసి నాలుగు రోజులు. లోపల గోరంత మేకు. అప్పటి నుంచి పాత చెక్క ముందు చేతి చిత్రిక కిందికే వెళ్తుంది, మేకు తగిలితే ఆ ఒక్క బ్లేడ్ సాన పడితే పోతుంది.

చెన్నైలో ఉన్నవాళ్లకు ఒక అదనపు మాట. మా తమ్ముడు తిరువాన్మియూరులో ఉంటాడు, సముద్రం గాలికి వాడి మిషన్ బల్ల రెండు వారాల్లో ఎర్రబడింది. బెంగళూరులో నెలకోసారి రుద్దే పేస్ట్ వ్యాక్స్ అక్కడ వాడిన ప్రతిసారీ రుద్దాలి, గుడ్డ కప్పి ఉంచాలి. సిలికాన్ స్ప్రే కొట్టకండి, అది చెక్కకు అంటుకుని పాలిష్ పట్టకుండా చేస్తుంది.

కొనడమే ఖాయమైతే

రెండు బ్లేడ్లా, మూడు బ్లేడ్లా, హెలికల్ హెడ్డా అని కొట్టుకుంటారు. లెక్క ఇది: మకీటా రెండు బ్లేడ్లతో నిమిషానికి 8500 సార్లు తిరుగుతుంది, ఒక్కో మిల్లీమీటరుకి రెండు కోతలు పడతాయి. డివాల్ట్ డీడబ్ల్యూ735 మూడు బ్లేడ్లతో, పదివేల వేగంతో, నెమ్మది గేరులో మిల్లీమీటరుకి ఏడు కోతలు వేస్తుంది. చేత్తో తడిమితే తేడా తెలుస్తుంది. ఆ తర్వాత ఎలాగూ చిత్రికో ఉప్పు కాగితమో పడుతుంది కాబట్టి ఆ తేడా కోసం నేను ఎక్కువ డబ్బు పెట్టను. హెలికల్ హెడ్ మాత్రం వేరే సంగతి, చిన్న చదరపు కార్బైడ్ పళ్లు వరసగా ఉంటాయి, ఒకటి మొద్దుబారితే తిప్పి కొత్త అంచు పెట్టుకోవచ్చు, వేప, రోజ్‌వుడ్ లాంటి మొండి చెక్క మీద పెచ్చులు బాగా తగ్గుతాయి. అలాంటి చెక్కే ఎక్కువగా వాడేవాళ్లు డబ్బు పెట్టాల్సింది అక్కడ. టేకు, పైన్, సిల్వర్ ఓక్ అయితే మామూలు బ్లేడ్లు చాలు, కాకపోతే వాటిని రెండు వైపులా వాడుకోవచ్చో లేదో, విడిగా ఊళ్లో దొరుకుతాయో లేదో కొనే రోజే షాపులో అడగండి. దొరకని బ్లేడ్ ఉన్న మిషన్ చవకగా వచ్చినా ఖరీదే.

అమెరికా నుంచి తెప్పించుకునే ఆలోచన అందరికీ ఒకసారి వస్తుంది. మా బావ డాలస్ నుంచి వస్తూ డీడబ్ల్యూ735 తెస్తానన్నాడు, నేను ఎగిరి గంతేశాను. ఆ మిషన్ బరువు 42 కిలోలు, విమానంలో ఒక్క బ్యాగు 32 కిలోలు దాటనివ్వరు. దాటినా అది 120 వోల్ట్‌ల మిషన్, పదిహేను ఆంప్స్ లాగుతుంది, మన 230 వోల్ట్‌లకు కనీసం మూడు కేవీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, దాని బరువూ ఖర్చూ మళ్లీ వేరే. బావ చివరికి ఒక మంచి మూలమట్టం తెచ్చాడు, రోజూ వాడుతున్నాను.

కరెంటు విషయంలో, మామూలు ఆరు ఆంప్స్ ప్లగ్గుకి ఎక్స్‌టెన్షన్ బాక్స్ తగిలించి నడపకండి. మిషన్ ఏడెనిమిది ఆంప్స్ తీసుకుంటుంది, స్టార్ట్ అయ్యేటప్పుడు ఇంకా ఎక్కువ, సన్న వైరు వేడెక్కి మోటార్‌కి వోల్టేజి పడిపోతుంది. పదహారు ఆంప్స్ సాకెట్, డస్ట్ కలెక్టర్‌కి వేరే లైను. రెండూ ఒకే లైను మీద పెట్టి నేను వరసగా మూడుసార్లు ఎంసీబీ పడేశాను, మూడోసారి ఆంటీ సీరియల్ క్లైమాక్స్‌లో ఉన్నారు.

సెకండ్ హ్యాండ్‌లో చూస్తుంటే మీ పలక మీరే తీసుకెళ్లండి, రెండడుగుల పొడవు, ఎనిమిది అంగుళాల వెడల్పు, ముఖం నిండా పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీతలు గీసి. ఒక తోపు పట్టించి, గీతలు రెండు అంచుల దగ్గరా ఒకేలా పోతున్నాయో చూడండి, తర్వాత కుడి ఎడమ అంచుల మందం వెర్నియర్‌తో కొలవండి. తేడా ఉంటే బల్ల, హెడ్ సమాంతరంగా లేనట్టు, కొన్నింటిలో సరిచేయొచ్చు కానీ ధర తగ్గించమని అడగడానికి అది చాలు. ప్లగ్గు తీయించి రబ్బరు రోలర్లు వేలితో నొక్కి చూడండి, గట్టిపడి మెరుస్తుంటే పలక మధ్యలో ఆగిపోతుంది. అమ్మేవాడు "ఇప్పుడు కరెంటు లేదు సార్, మిషన్ మాత్రం సూపర్" అంటే, కరెంటు వచ్చాక ఫోన్ చేయమని చెప్పి వచ్చేయండి.